జ్ఞాపకం పోయిన హీరోతో నవల: పాఠకుడు పదో పేజీలోనే కథ చెప్పేయకుండా రాయడం ఎలా?

కళ్లు తెరుస్తాడు. తెల్లటి గోడలు, సెలైన్ సీసా, తలకి కట్టు. పక్కన కూర్చున్న అమ్మాయి "నేను మీ భార్యని" అంటుంది. ఇక్కడిదాకా చదివిన పాఠకుడు మిగతా మూడువందల పేజీలూ తనే చెప్పేస్తాడు. ఆ అమ్మాయి భార్య కాదు, అసలు భార్య వేరే ఊళ్లో ఎదురుచూస్తోంది, ఆ యాక్సిడెంట్ ఎవరో చేయించింది, చివర్లో ఇంకో దెబ్బ తగిలి అన్నీ గుర్తొస్తాయి. వారపత్రికల్లో సీరియల్స్ వచ్చిన కాలం నుంచి ఇవాళ ఫోన్లో చదువుకునే సీరియల్స్ దాకా ఇదే కథని మనవాళ్లు ఎన్ని పేర్లతో రాశారో లెక్కలేదు.

అయినా నాకు ఈ వస్తువు అంటే చాలా ఇష్టం. ఒక మనిషి దగ్గర్నుంచి జ్ఞాపకాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది, గుర్తున్నవాళ్లు ఆ మనిషితో ఎలా మసులుకుంటారు అన్నదానికంటే పెద్ద ప్రశ్న నవలకి అంత తేలిగ్గా దొరకదు. మనం మాత్రం మరుపుని రహస్యం దాచడానికి ఒక సాకుగా వాడేసుకుని, ఆ ప్రశ్నని వదిలేస్తున్నాం. నేను చెప్పబోయేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఈ నవలల్లో ఉత్కంఠ మర్చిపోయినవాడి దగ్గర ఉండదు, గుర్తున్నవాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడికి ఎలా చేరాలో మెట్టు మెట్టుగా చెప్తాను. ఇప్పటికే సగం రాసి ఆగిపోయినవాళ్లు నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టినా పర్లేదు కానీ రెండోది మాత్రం వదలొద్దు.

మెట్టు 1: పాఠకుడి బుర్రలో ముందే ఉన్న కథలన్నీ కాగితం మీద పెట్టండి

మీ మొదటి అధ్యాయం చదివిన మనిషి ఏమేం ఊహిస్తాడో నిజాయితీగా రాయండి. బాగా చూసుకుంటున్నవాడే విలన్. లేదా తను వెతుకుతున్న హంతకుడు తనే. లేదా అచ్చం తనలాంటివాడు ఇంకొకడున్నాడు. ప్రేమించిన అమ్మాయిని మర్చిపోయి ఇంకో అమ్మాయిని ప్రేమిస్తాడు, మొదటిది గుర్తొచ్చేసరికి రెండోది మర్చిపోతాడు. చిన్నప్పుడు అమ్మ పాడిన పాటో, గుడి గంటో, ఒక లాకెట్టో అన్నీ తిరిగి తెస్తుంది. వీటన్నిటికీ కాపలాగా ఒక డాక్టర్ ఉంటాడు: "గతం గురించి ఏమీ గుర్తు చెయ్యకండి, షాక్ తగిలితే ప్రాణానికే ప్రమాదం" అంటాడు. ఆ డైలాగ్ అక్కడ ఉన్నది రోగి కోసం కాదు, ఇంట్లోవాళ్లు ఒక్క మాట చెప్తే రెండో అధ్యాయంలోనే కథ అయిపోతుంది కాబట్టి వాళ్ల నోళ్లు కట్టెయ్యడానికి.

ఇవన్నీ ఎందుకు ముందే తెలిసిపోతాయంటే, ఇలాంటి నవలలో ప్రశ్న ఒక్కటే ఉంటుంది: "అసలు ఏం జరిగింది?" దానికి సమాధానం పుస్తకంలో ఉన్న ఆరుగురిలో ఎవరో ఒకరితో ముడిపడి ఉండాలి, అందులోనూ కథానాయకుడికి బాగా దగ్గరగా ఉన్నవాళ్లతో. పాఠకుడికి అనుమానించడానికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు, అంతే. "అందరూ భార్యని అనుమానిస్తారు కాబట్టి నేను అన్నయ్యని విలన్ చేస్తా" అనుకుంటే మీరు అదే చిట్టాలో రెండో పేరుకి వెళ్లారు, చిట్టా లోంచి బయటికి రాలేదు. కాబట్టి ఇప్పుడే జవాబు మార్చకండి. కాగితం పక్కన పెట్టి ముందుకి రండి.

మెట్టు 2: ఏ మరుపో తేల్చుకోండి

మనలో చాలామంది "మెమరీ లాస్" అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. నిజంగా మరుపు చాలా రకాలు, ఒక్కో రకం ఒక్కో కథని పుట్టిస్తుంది. నవలకి పనికొచ్చే సరుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ముందుగా సినిమా మరుపు. తలకి దెబ్బ తగిలి తన పేరూ ఊరూ మర్చిపోయి, మిగతా అన్ని పనులూ చక్కగా చేసుకునే మనిషి నిజజీవితంలో చాలా అరుదు. మామూలుగా తలకి దెబ్బ తగిలినవాళ్లకి దెబ్బకి ముందూ వెనకా ఉన్న కొంత సమయం పోతుంది, గంటలు కావచ్చు, రోజులు కావచ్చు, దెబ్బ పెద్దదైతే ఇంకా ఎక్కువ. పేరు మాత్రం గుర్తుంటుంది. పేరే గుర్తులేదు, కానీ మాట, నడక, లెక్కలు అన్నీ బాగున్నాయి అంటే డాక్టర్లు మెదడు గాయం కంటే మనసుకి తగిలిన దెబ్బని అనుమానిస్తారు.

అలా మనసు వైపు నుంచి వచ్చే మరుపుకి పాత ఉదాహరణ ఆన్సెల్ బోర్న్. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో మతబోధకుడు. 1887 జనవరిలో బ్యాంకులో డబ్బు తీసుకుని కనిపించకుండా పోయాడు. సుమారు రెండు నెలల తర్వాత పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో నిద్రలేచి "నేనెక్కడున్నాను?" అని భయపడ్డాడు. ఆ రెండు నెలలూ అతను అక్కడ ఎ.జె. బ్రౌన్ అనే పేరుతో చిన్న కొట్టు పెట్టుకుని బుద్ధిగా వ్యాపారం చేసుకుంటున్నాడు! 1890లో విలియం జేమ్స్ అనే మనస్తత్వవేత్త అతన్ని హిప్నటైజ్ చేసి చూస్తే బ్రౌన్ మళ్లీ బయటికొచ్చాడు. మన నవలల్లో పోయిన గతం కోసం వెతుకుతారు కదా, ఇక్కడ పాత మనిషి తిరిగొచ్చాక మధ్యలో బతికిన రెండు నెలలే మాయమైపోయాయి. ఆ కొట్టుకి రోజూ వచ్చిన ఖాతాదారు వైపు నుంచి ఈ కథ రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. నిన్నటిదాకా పప్పూ ఉప్పూ అరువిచ్చిన మనిషి ఇవాళ "మీరెవరు?" అంటాడు.

రెండోది, కొత్త జ్ఞాపకం అసలు ఏర్పడకపోవడం. దీన్ని వైద్యలోకానికి నేర్పిన మనిషి హెన్రీ మొలైసన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడులో రెండు వైపులా హిపోకాంపస్ (కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి కావాల్సిన భాగం), దాని చుట్టుపక్కల భాగం చాలావరకు తీసేశాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. చిన్నతనం గుర్తుంది, తెలివి బాగానే ఉంది, మర్యాదగా మాట్లాడతాడు, కానీ కొత్తగా కలిసిన మనిషి గదిలోంచి వెళ్లి తిరిగొస్తే మళ్లీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది, ప్రతిసారీ ఆమె అతనికి కొత్తే. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపమంటే మాత్రం రోజురోజుకీ బాగా చేశాడు, తను అది ఇదివరకు చేసినట్టు గుర్తు లేకుండానే. చేతికి ఒక జ్ఞాపకం, మనిషికి ఇంకో జ్ఞాపకం ఉంటాయని అలా తేలింది. 2008లో చనిపోయాడు.

బ్రిటన్‌లో క్లైవ్ వేరింగ్ అనే సంగీతకారుడికి 1985లో హెర్పిస్ వైరస్ మెదడుకి పాకి, జ్ఞాపకం నిమిషంలోపే జారిపోయే స్థితి వచ్చింది. పియానో వాయించగలడు. భార్య డెబొరా మీద ప్రేమ పోలేదు, ఆవిడ పక్కగదిలోకి వెళ్లొచ్చినా ఏళ్ల తర్వాత కనిపించినట్టు పరుగెత్తుకొచ్చేవాడు. ఇతని డైరీ గురించి ఏడో మెట్టులో చెప్తాను, అది చాలా ముఖ్యం.

మూడోది, అతిగా తాగేవాళ్లలో బి1 విటమిన్ లోపంతో వచ్చే కోర్సకాఫ్ జబ్బు. ఇందులో ఖాళీలని మెదడు తనే కల్పించిన కథలతో నింపేస్తుంది. అబద్ధం ఆడుతున్నానని ఆ మనిషికి తెలీదు, మొహంలో తడబాటు ఉండదు. నమ్మడానికి వీల్లేని కథకుడు కావాలనుకునే రచయితలు ఇంత దూరం వచ్చి చూడకపోవడం నాకు ఆశ్చర్యమే.

నాలుగోది కొన్ని గంటల మరుపు. యాభై దాటినవాళ్లలో ఎక్కువగా, ఉన్నట్టుండి వస్తుంది, మామూలుగా 24 గంటల్లోపే తగ్గిపోతుంది. ఆ కాసేపూ మనిషి తనెవరో మర్చిపోడు, ఇంట్లోవాళ్లని గుర్తుపడతాడు, కానీ "మనం ఇక్కడికి ఎందుకొచ్చాం?" అని అదే ప్రశ్న పదేపదే అడుగుతాడు. తగ్గాక ఆ కొన్ని గంటలు ఎప్పటికీ తిరిగి రావు. ఒక్క రోజులో జరిగే నవలకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది: తగ్గిపోయిన తర్వాత, ఆ ఆరు గంటల్లో తను ఏం వాగాడో ఇంట్లోవాళ్లు ఎవరూ చెప్పరు.

ఇక అల్జీమర్స్ మనందరి ఇళ్లల్లో చూస్తున్నదే. కొత్తవి ముందు పోతాయి, పాతవి చివరిదాకా ఉంటాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త రిబో 1881లోనే ఈ వరస చెప్పాడు.

మెట్టు 3: ఒక పేజీలో నియమాలు రాసుకోండి, వాటిని మీరే తప్పకండి

ఏం పోయింది, ఏం మిగిలింది, కొత్త విషయం ఎంతసేపు నిలుస్తుంది. ఈ మూడూ రాసి గోడకి అంటించుకోండి. కథకి అవసరం వచ్చినప్పుడల్లా గుర్తొచ్చి, అవసరం లేనప్పుడు మర్చిపోయే హీరోని పాఠకుడు క్షమించడు.

ముఖ్యంగా "ఏం మిగిలింది" దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. 1911లో క్లాపరేడ్ అనే స్విస్ వైద్యుడు వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని, జ్ఞాపకం నిలవని ఒక రోగితో కరచాలనం చేశాడు. ఆమెకి గుచ్చుకుంది. తర్వాత ఆమెకి ఆ సంగతి గుర్తులేదు, కానీ చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంది. భయం ఉంది, కారణం లేదు. మీ పాత్ర ఒక మనిషిని చూసి ఎందుకో తెలీకుండా తలుపు వైపు జరగడం, ఒక్క డైలాగ్ లేకుండా అధ్యాయాన్ని నిలబెడుతుంది.

మన భాషలో దొరికే ఇంకో వరం ఉంది, యాస. పేరు మర్చిపోయిన మనిషి మాట మర్చిపోడు. విజయవాడ స్టేషన్లో దొరికి ఆసుపత్రిలో చేరిన ఒక మనిషి అన్నంలో కూర చూసి "గోకరకాయనా?" అన్నాడనుకోండి, వడ్డిస్తున్న ఆయమ్మకి ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది, ఇతను మన గోరుచిక్కుడు వైపు మనిషి కాదు, తెలంగాణ మనిషి అని. తండ్రిని బాపు అన్నాడంటే వెతకాల్సిన జిల్లాలు ఇంకా తగ్గుతాయి. నిద్రలో పలవరిస్తూ మాట్లాడిన యాస, మెలకువలో మాట్లాడే యాస వేరైతే? అక్కడ మీకు కథ దొరికింది. లాకెట్లూ పుట్టుమచ్చలూ అక్కర్లేదు.

మెట్టు 4: రహస్యాన్ని గుర్తున్నవాళ్ల చేతిలో పెట్టండి

ఇది అసలు మెట్టు. మనకి దీనికి చాలా పాత పాఠం ఉంది, పైగా రెండు రకాలుగా ఉంది.

భారతంలో దుష్యంతుడు ఏమీ మర్చిపోలేదు. శకుంతల కొడుకుని తీసుకుని సభకి వస్తే, గుర్తుండీ, లోకం ఏమనుకుంటుందోనని "నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడు. నన్నయ తెలుగు చేసింది ఈ కథనే. నూరు బావుల కంటే, నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం గొప్పదని శకుంతల చెప్పే పద్యం స్కూల్లో చదువుకున్నాం కదా, దానికి అంత బలం ఎక్కడిదంటే, వింటున్నవాడికి అన్నీ గుర్తున్నాయి. నిజంగా మర్చిపోయినవాడితో ఆ మాట అంటే అది గాల్లో కలిసిపోయేది.

కాళిదాసు దీన్ని మార్చి దుర్వాసుడి శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చాడు, రాజు నిర్దోషి అయిపోయాడు. అయితే కాళిదాసు కూడా రహస్యం దాచలేదు చూడండి. శాపం సంగతి ప్రేక్షకుడికి నాలుగో అంకంలోనే తెలుసు. అనసూయకీ ప్రియంవదకీ తెలుసు, వాళ్లిద్దరూ శకుంతల బాధపడుతుందని చెప్పకుండా ఊరుకున్నారు. అంటే నాటకం నడిచేది రాజు మరుపు మీద ఒక్కటే కాదు, గుర్తున్న ఇద్దరు స్నేహితురాళ్లు ప్రేమ కొద్దీ నోరు విప్పకపోవడం మీద కూడా. కర్ణుడి శాపం కూడా అంతే. అవసరమైన వేళకి అస్త్రం గుర్తురాదని మనకి ఎప్పుడో తెలుసు, అయినా ఆ రోజు కోసం ఊపిరి బిగబట్టి చూస్తాం.

కాబట్టి మీ నవలలో మూడో వంతు అయ్యేలోపు, జరిగిందేమిటో పాఠకుడికి చెప్పేయండి. చెప్తే ఏం మిగులుతుందని టెన్షన్ పడకండి. చెప్పాక మిగిలేదే నవల. ఎవరికి తెలుసు, వాళ్లు ఎందుకు చెప్పట్లేదు, చెప్పకపోవడం వల్ల వాళ్లకి ఒరిగేదేంటి, చెప్పకుండా ఉండి ఉండి వాళ్లు ఏమవుతున్నారు?

ఒక ఇల్లు తీసుకోండి. పెద్దాయనకి తల్లి చనిపోయిన సంగతి నిలవదు. "అమ్మ ఏదీ?" అంటాడు. భార్య మొదటిసారి నిజం చెప్పింది, ఆయన అప్పుడే విన్నట్టు కుమిలిపోయాడు. మర్నాడూ అంతే. కొన్నాళ్లకి ఆవిడ "ఊరెళ్లారండీ, రేపొస్తారు" అనడం నేర్చుకుంది. కోడలు వచ్చి "అబద్ధాలెందుకత్తయ్యా" అంది. ఒకరోజు అత్తగారు లేనప్పుడు ఆయన అడిగితే, కోడలు కూడా "ఊరెళ్లారు మావయ్యా" అంది. ఆయన ప్రశ్న మారలేదు, జవాబిచ్చేవాళ్లు మారారు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ రాస్తే విసుగొస్తుందని భయపడే రచయితలు ఇది పట్టుకుంటే చాలు: ప్రశ్న వచ్చిన ప్రతిసారీ జవాబు వేరుగా ఉండాలి, జవాబిచ్చిన మనిషి కాస్త వేరైపోవాలి.

మెట్టు 5: ఒక కథని విప్పి మళ్లీ కుట్టి చూద్దాం

వెంకటేశ్వర్లు తెనాలిలో డాక్యుమెంట్ రైటర్, 58 ఏళ్లు. పాత పద్ధతిలో అయితే ఇలా రాసేవాళ్లం: అతను ఒక దొంగ రిజిస్ట్రేషన్ చూశాడు, లారీ గుద్దింది, గతం పోయింది, పైకి మంచిగా ఉన్న తమ్ముడే గుద్దించాడు, చివర్లో లారీ హారన్ విని అన్నీ గుర్తొచ్చాయి. ఒకటో మెట్టు చిట్టాలో ఇందులో ప్రతి ముక్కా ఉంది.

ఇప్పుడు రెండో మెట్టు నుంచి కదలండి. లారీ తీసేశాం. మెదడుకి జ్వరం వచ్చింది. కొత్తవి పది నిమిషాలకి మించి నిలవవు, వెనక్కి కూడా ఓ ఎనిమిదేళ్లు పోయాయి. ఆ ఎనిమిదేళ్లలోనే తమ్ముడు ప్రసాదుతో పొలం గొడవై మాటలు పోయాయి. అంటే వెంకటేశ్వర్లుకి ఇప్పుడు ఉన్నది గొడవకి ముందు తమ్ముడు, తను ఫీజులు కట్టి చదివించిన తమ్ముడు. ప్రసాదు ఇంటికి వస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. ఇదంతా పాఠకుడికి మూడో అధ్యాయంలో తెలుసు. ప్రసాదు కాగితాలతో వచ్చాడనీ తెలుసు.

ప్రసాదు దానపత్రం ఆయన ముందు పెట్టాడు.

"మా శ్రావణి పెళ్లికి నువ్వే ఇస్తానన్నావు కదన్నయ్యా."

"అన్నాను కదా మరి, ఇస్తాను," అన్నాడు వెంకటేశ్వర్లు. కళ్లజోడు తుడుచుకుని మొదటి లైను నుంచి చదివాడు. ఆస్తి వివరాల దగ్గర ఆగాడు. "ఉత్తరం హద్దు తప్పు రాశావురా. అక్కడ పంటకాలవ లేదు, పుల్లయ్య గారి నిమ్మతోట. ఇట్లా రాస్తే రేపు ఎవడైనా కొర్రీ వేస్తాడు."

కొట్టేసి, పైన సరిచేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. పేజీ పేజీకీ సంతకం చేశాడు. చివరి పేజీలో రాత అయిపోయిన చోట నుంచి కాగితం అడుగుదాకా ఏటవాలుగా ఒక గీత గీశాడు, ఎవరూ మధ్యలో ఏమీ చేర్చకుండా.

భార్య సావిత్రి కాఫీ తెచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. "ఏరా ప్రసాదూ, ఎంతసేపైంది వచ్చి?"

ఇందులో చేతికున్న జ్ఞాపకం ఉంది, పాత హద్దుల జ్ఞాపకం ఉంది, పోయిన గొడవ ఉంది. తనని ముంచే కాగితాన్ని తనే తప్పుల్లేకుండా దిద్దిపెట్టాడు. ప్రసాదు కూడా మామూలు విలన్ కాడు. ఎనిమిదేళ్ల తర్వాత అన్న తనని అలా చూసి నవ్వడం అతనికి అలవాటవుతోంది, కాగితాల పని అయిపోయాక కూడా వస్తున్నాడు. మర్నాడు ఇంకో సర్వే నంబరు చేరుద్దామని చూస్తే ఆ గీత అడ్డొచ్చింది. క్లైమాక్స్‌లో గతం గుర్తురావాల్సిన పని లేదు, ఆ ఏటవాలు గీత చాలు.

కూతురు లలిత హైదరాబాద్ నుంచి వచ్చి వకీలు దగ్గరికి వెళ్తే కథ ఇంకా బిగుస్తుంది. 1872 కాంట్రాక్ట్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం చేసే సమయంలో దాన్ని అర్థం చేసుకుని, తన మంచిచెడ్డలు ఆలోచించుకోగలిగితే ఆ మనిషి స్థిరచిత్తం గలవాడే. వెంకటేశ్వర్లు అర్థం చేసుకున్నాడు, ఏకంగా తప్పే దిద్దాడు! పది నిమిషాల తర్వాత మర్చిపోవడం వేరే సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ కింద, సంతకం చేసినవాడికి మతిస్థిమితం లేదని కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ నిరాకరించాలి. కానీ పాతికేళ్లు అదే ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి అక్కడికి వెళ్లగానే అందరికంటే హుషారుగా ఉంటాడు. ఎవరి మాట నిలుస్తుందో పాఠకుడు ముందే చెప్పలేడు.

మెట్టు 6: ఈ రోజుల్లో మనిషి తప్పిపోవడం ఎంత కష్టమో గమనించండి

పేరు తెలియని మనిషితోనే కథ రాయాలని మీకు గట్టిగా ఉంటే, ముందు తలుపులన్నీ మూసుకుంటూ రండి. యాక్సిడెంట్ కేసు ఆసుపత్రికి వస్తే మెడికో లీగల్ కేసుగా రాస్తారు, పోలీసులకి కబురు వెళ్తుంది. జేబులో ఫోన్ ఉంటుంది. ఫోటో సాయంత్రానికల్లా నాలుగు జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. 2010 నుంచి ఆధార్ ఉంది. ఆశ్రమంలో ఉన్న మనిషికి కొత్తగా ఆధార్ తీయబోతే, ఈ వేలిముద్రలతో ఇప్పటికే కార్డు ఉందని దరఖాస్తు తిరస్కరణకి గురై, అక్కడి నుంచి పాత వివరాలు బయటపడి ఇల్లు చేరినవాళ్లు మన దేశంలో ఉన్నారు. చూడండి, "తిరస్కరించబడింది" అన్న మెసేజ్ ఎంత మంచి మలుపో! అంత తలనొప్పి వద్దనుకుంటే కథని 1970ల్లో పెట్టుకోండి, పేపర్లో "కనబడుటలేదు" ప్రకటన, రేడియోలో వర్ణన, ట్రంక్ కాల్. అప్పుడు మాత్రం ఆ కాలాన్ని పూర్తిగా రాయాలి.

మెట్టు 7: ఎవరు చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు

కొత్త జ్ఞాపకం నిలవని మనిషి "నేను నిన్న బజారుకి వెళ్లాను" అని కథ చెప్పలేడు. చాలా రాతప్రతులు ఇక్కడే కూలిపోతాయి. అతని నోటితోనే చెప్పాలంటే వర్తమానంలో, చిన్న చిన్న ముక్కలుగా రాయాలి, ఒక ముక్క రెండో ముక్కని గుర్తుపెట్టుకోకూడదు. మూడువందల పేజీలు అలా చదవడం కష్టం కాబట్టి, అధ్యాయం విడిచి అధ్యాయం ఇంట్లో గుర్తున్న మనిషికి ఇవ్వమంటాను.

డైరీ వాడాలనిపిస్తే క్లైవ్ వేరింగ్ డైరీ గుర్తుంచుకోండి. తను ఇప్పుడే మొదటిసారి మేలుకున్నానని, టైము వేసి మరీ రాసేవాడు. కాసేపటికి పైన రాసింది చూసి, అది నిజం కాదు, ఇప్పుడే అసలు మేలుకున్నాను అని పాతది కొట్టేసి మళ్లీ అదే మాట రాసేవాడు. పేజీల కొద్దీ అంతే. మన నవలల్లో డైరీ అంటే ఆధారాల పుస్తకం, హీరో చదివి నమ్మేస్తాడు. తన దస్తూరీని తనే నమ్మని మనిషి డైరీ ఎలా ఉంటుందో ఒక అధ్యాయం రాసి చూడండి.

మెట్టు 8: జ్ఞాపకం తిరిగొస్తే ఎలా రావాలి

రెండో దెబ్బతో రాదు. రెండో దెబ్బ తగిలితే గాయం ఇంకా పెద్దదవుతుంది, అంతే. గాయం తగ్గేకొద్దీ మామూలుగా పాతవి ముందు వస్తాయి, తర్వాత దగ్గరివి, అదీ అతుకులు అతుకులుగా. దెబ్బ తగిలిన ఆ కాసేపు చాలామందికి ఎప్పటికీ రాదు. మీ నవల మొత్తం ఆ కాసేపు గుర్తురావడం మీద నిలబడి ఉంటే, నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

ఇంకా భయపెట్టే దారి ఒకటుంది. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్లిన్ పిక్రెల్ 24 మందితో ఒక ప్రయోగం చేశారు. చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్లో తప్పిపోయారని, ఇంట్లోవాళ్లు చెప్పిన నిజమైన సంగతుల మధ్య ఈ జరగని సంగతిని కలిపి ఇచ్చారు. పాతిక శాతం మంది అది పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. మామూలు మనుషులే ఇలా ఉంటే, జ్ఞాపకం పోయిన ఒక ఇల్లాలికి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆల్బమ్ చూపిస్తూ నూరిపోస్తే? ప్రేమతోనే చెప్తారు, ఎవరికి కావాల్సింది వాళ్లు కొంచెం సర్ది చెప్తారు. అత్తగారు గొడవలు తీసేసి చెప్తుంది, భర్త తను కొట్టిన రాత్రి తీసేసి చెప్తాడు. ఆవిడకి "గుర్తొచ్చింది" అని అందరూ పండగ చేసుకుంటారు. గుర్తొచ్చినది ఎవరి గతం? పాఠకుడికి ఆ రాత్రి సంగతి తెలుసు, ఆవిడకి తెలీదు, ఎవరైనా చెప్తారా అని చదువుతాడు.

మెట్టు 9: మూడో వంతు దగ్గర ఆపి అడగండి

రాత పూర్తయ్యాక నవలలు బాగా చదివే ముగ్గురు నలుగురికి మూడో వంతు మాత్రం ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. "తర్వాత ఏం జరుగుతుందో రాసివ్వండి" అని అడగండి. అందరూ ఒకటే రాసి, అదే మీ ముగింపు అయితే, ముగింపుని వెంటనే మార్చకండి. వాళ్లు ఊహించిన ఆ సంగతిని తీసుకొచ్చి సరిగ్గా వాళ్లు ఆపిన చోటే, ఆ మూడో వంతులోనే బయటపెట్టేయండి, దాని తర్వాత నుంచి కథ నడపండి. ఒక్కొక్కరు ఒక్కోటి రాస్తే అందులో మీకు తట్టనిది ఏదైనా ఉందేమో చూసుకోండి. "ఏం జరుగుతుందో తెలీదు గానీ, ఆ తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు నిజం చెప్పేస్తాడేమోనని ఉంది" అని ఎవరైనా రాస్తే మిగతా రెండు వంతులూ వాళ్లకి పంపించేయండి.